ఊరికే వచ్చిన బంటు

ఈ వారం మాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి ఆటగాడు వ్రాసినది కాదు, ఆటగాడి తల్లి వ్రాసినది. ఆమెకు చదరంగం రాదట. గుర్రం వంకరగా దూకుతుందని తప్ప తనకేమీ తెలియదని ముందే చెప్పుకున్నారు. వారి అబ్బాయికి పన్నెండేళ్ళు. మొన్న బడిపిల్లల పోటీలో ఎదుటి కుర్రవాడు నాలుగో ఎత్తులోనే ఒక బంటును ఊరికే చేతిలో పెట్టాడట. మనవాడు సంబరపడి తిన్నాడు. పట్టుమని పాతిక ఎత్తులు కాకుండానే ఆట కట్టింది. ఇంటికి వచ్చి చెబితే తాతగారు, "ఊరికే వచ్చేదానికి చెయ్యి చాపితే అంతేరా నాయనా" అన్నారట. అది మొదలు ఆ పిల్లవాడు ఎవరు ఏ బంటు ఇచ్చినా ముట్టడం లేదు. తినవలసినవి కూడా తినకుండా వెనక్కు వెనక్కు జరిగి, నిదానంగా ఓడిపోతున్నాడట. "వచ్చే నెలలో జిల్లా పోటీ ఉంది. వెళ్ళనంటున్నాడు. ఇచ్చిన బంటును తినాలా, మానాలా? మీరు చెబితే వింటాడు" అని వ్రాశారు ఆ తల్లి.

తినమనే చెబుతాను. కాని "తిను" అన్న ఒక్క మాటతో తీరే సంగతి కాదిది. ఇంట్లో చదరంగం బల్ల ఉన్నవారు దయచేసి పావులు పేర్చుకుని కూర్చోండి.

కొత్తవారి కోసం ఒక మాట. తెల్లపావులవారి ఎడమచేతి కొసనుంచి నిలువు వరుసలను ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అంటాము. తెలుపు దగ్గరనుంచి నలుపు వైపుకు అడ్డవరుసలను 1 మొదలు 8 దాకా లెక్కపెడతాము. మూలల్లో ఉండేది ఏనుగు, ఐమూలగా నడిచేది శకటు. మిగిలినవి మీకు తెలిసినవే.

ఆ అబ్బాయి ఆట ఎలా మొదలయిందో ఉత్తరంలో లేదు. కాని నాలుగో ఎత్తులో బంటు అంటే నాకు వెంటనే తోచేది ఎవాన్స్ గాంబిట్. తెలుపు బంటును ఇ4కు, నలుపు ఇ5కు. తెల్లగుర్రం ఎఫ్3, నల్లగుర్రం సి6. తెల్లశకటు సి4, నల్లశకటు సి5. ఇంతవరకూ ఇరుపక్షాలూ పెద్దమనుషుల్లాగా నడిచారు. ఇప్పుడు తెలుపు బి-బంటును రెండు గడులు దూకించి, బి4లో, సరిగ్గా నల్లశకటు నోటిముందు నిలబెడుతుంది. తిను, అంటుంది.

దీన్ని కనిపెట్టినవాడు విలియం డేవీస్ ఎవాన్స్ అనే ఓడ కెప్టెను. వేల్స్ దేశస్థుడు. 1790లో పుట్టాడు. మిల్ఫర్డు రేవుకూ ఐర్లండుకూ మధ్య టపా మోసే పొగ ఓడను నడిపేవాడు. 1820ల నడుమ ఈ ఎత్తు అతనికి తట్టింది. లండనుకు వచ్చి, ఆ రోజుల్లో గట్టివాడని పేరున్న మెక్‌డొన్నెల్ మీద ప్రయోగించి గెలిచాడు. మెక్‌డొన్నెల్ ఓడి ఊరుకోలేదు. ఆ ఎత్తు తాను నేర్చుకుని, 1834లో ఫ్రాన్సు వీరుడు లా బూర్దొనే మీద వాడాడు. అక్కడినుంచి ఆ శతాబ్దమంతా ఐరోపా కాఫీ హోటళ్ళలో ఈ బంటు తినని వాడు లేడు, తిని దెబ్బ తినని వాడూ లేడు.

గాంబిట్ అన్న మాటే ఇటలీవారి కుస్తీ గోదాలోది. కాలు అడ్డం పెట్టి పడవేయడాన్ని వాళ్ళు అలా అనేవారు. స్పెయిన్ దేశపు మతగురువు రూయ్ లోపెజ్ 1561లో అచ్చువేసిన పుస్తకంలో ఆ మాటను చదరంగంలోకి తెచ్చాడు. అడ్డంగా పెట్టిన కాలు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. అయినా పడతాము.

తాతగారి మాట వారి కాలానికి తగినదే కావచ్చు. మన నాటు చదరంగంలో బంటు మొదటి ఎత్తుకు కూడా ఒక్క గడే నడిచేది. రెండు సేనలూ ఎదురుపడడానికే ఎంతో సేపు పట్టేది. నాలుగో ఎత్తులో మీదపడడం, పదిహేడో ఎత్తులో ఆట ముగియడం ఆ పద్ధతిలో ఊహకే రాదు. పంజాబునుంచి వెళ్ళి 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిషు ఛాంపియనుగా నిలిచిన మీర్ సుల్తాన్ ఖాన్ కూడా ఆ నాటు పద్ధతిలో పెరిగినవాడే. నడిమి ఆటలో, చివరి ఆటలో ఎవరికీ లొంగేవాడు కాదు గాని, మొదటి పది ఎత్తులే అతనికి ఇబ్బందిగా ఉండేవి.

సరే, బంటు తిన్నాము. నల్లశకటు బి4లో ఉన్నది. ఏం పోయింది? ఇక్కడ లెక్క వేయవలసింది బంట్లను కాదు, ఎత్తులను. తెలుపు సి-బంటును సి3కు జరిపి శకటును అదిలిస్తుంది. శకటు ఎ5కు పారిపోతుంది. తెలుపు డి4 వేస్తుంది. ఇప్పుడు బల్ల చూడండి. నల్లశకటు ఒక్కటే మూడుసార్లు నడిచింది: సి5, బి4, ఎ5. అది అటూ ఇటూ తిరుగుతూ ఉండగా తెలుపుకు నడిమి గడులమీద పెత్తనం వచ్చింది, తక్కిన పావులకు దారులు తెరుచుకున్నాయి. ఒక బంటు విలువ సుమారు మూడు ఎత్తులని పెద్దలు చెప్పే లెక్క. అంటే ఆ బంటు ఊరికే రాలేదు, అరువుకు వచ్చింది. సరుకు ఇంటికి చేరింది, బిల్లు వెనుక వస్తోంది. అరువు తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. మన ఇళ్ళలో ఒకటో తారీఖుకు ముందు వారం గడిచేదే అరువుమీద. ఒక బాకీ తీరకుండానే రెండోది, మూడోది తెస్తేనే కొంప మునిగేది.

అలా మునిగినవారిలో మహామహులున్నారు. రూబెన్ ఫైన్ అనే అమెరికా ఆటగాడు 1938లో హాలండులో జరిగిన ఆవ్రో పోటీలో కేరెస్‌తో సమానంగా మొదటి స్థానం పొందినవాడు. తర్వాత మనస్తత్వశాస్త్రంలోకి వెళ్ళి, మనుషుల ఆశలనూ భయాలనూ శోధించడమే వృత్తిగా పెట్టుకున్నాడు. 1963లో న్యూయార్కులో ఇరవై ఏళ్ళ బాబీ ఫిషర్ అతనితో సరదాగా ఒక ఆట ఆడాడు. ఫిషర్ ఎవాన్స్ గాంబిట్ వేశాడు. ఫైన్ తిన్నాడు. పైన చెప్పినట్టే సి3, శకటు ఎ5, డి4 దాకా వచ్చింది. అక్కడినుంచి ఇద్దరి ఎత్తులూ వేస్తూ రండి.

ఆరో ఎత్తులో నల్లబంటు డి4లోని బంటును కూడా తిన్నది. తెలుపు ఏమీ పట్టనట్టు కోట కట్టుకుంది. ఏడో ఎత్తులో అదే నల్లబంటు సి3లోని బంటును కూడా తిన్నది. మూడు బంట్లు! తెల్లమంత్రి బి3కి వచ్చి, శకటుతో కలిసి ఎఫ్7 మీద కన్నువేసింది. నల్లమంత్రి ఇ7కు వచ్చి కాపు కాసింది. తొమ్మిదో ఎత్తుకు తెల్లగుర్రం సి3లో ఉన్న ఆ దొంగబంటును కొట్టింది.

ఇక్కడ ఆగి బల్లకేసి చూడండి. నలుపుకు నికరంగా రెండు బంట్లు లాభం. తెలుపుకు రెండు గుర్రాలూ బయటికి వచ్చాయి, శకటు వచ్చింది, మంత్రి వచ్చింది, రాజు కోటలో భద్రంగా ఉన్నాడు. నల్లరాజు మాత్రం ఇంకా నడివీధిలో నిలబడి ఉన్నాడు. ఇంటినిండా సామాను చేరింది, తలుపు వేసుకునే తీరికే దొరకలేదు.

తొమ్మిదో ఎత్తుకు నల్లగుర్రం ఎఫ్6. పదో ఎత్తు, తెల్లగుర్రం డి5లోకి దూకి మంత్రిని బెదిరించింది. నల్లగుర్రం దాన్ని కొట్టింది. ఇ4లోని తెల్లబంటు తిరిగి కొట్టింది. దానితో ఇ-వరుసలో అడ్డున్న తెల్లబంటు తప్పుకుంది. ఆ వరుస చివరనే నల్లరాజు ఉన్నాడు. సి6లోని నల్లగుర్రం ఇ5కు వచ్చింది, తెల్లగుర్రం దాన్ని కొట్టింది, మంత్రి తిరిగి కొట్టింది. పదమూడో ఎత్తుకు తెలుపు రెండో శకటు బి2కు వచ్చి మంత్రిని తరిమింది. మంత్రి జి5కు వెళ్ళి, జి7 బంటును కాపాడుతూ నిలబడింది.

ఇప్పుడు ఫిషర్ వేసిన ఎత్తు నాకు ఎప్పుడు చూసినా నవ్వు తెప్పిస్తుంది. హెచ్-బంటును హెచ్4కు తోశాడు. ఇదిగో, ఇంకొక బంటు కావాలా, అన్నట్టు! ఫైన్ మంత్రి దాన్ని కూడా తిన్నది. తినడానికి వెళ్ళింది గనుక జి7 కాపు పోయింది. బి2 శకటు ఒక్క దూకులో జి7 బంటును కొట్టి ఏనుగుమీద పడింది. ఏనుగు జి8కి జరిగింది. ఎఫ్-వరుసలోని తెల్ల ఏనుగు ఇ1కు వచ్చి చెక్ చెప్పింది. రాజు డి8కి తప్పుకున్నాడు. పదిహేడో ఎత్తు, తెల్లమంత్రి జి3. ఫైన్ ఆట వదులుకున్నాడు.

వదులుకున్న క్షణంలో పావులు లెక్కపెట్టండి. మంత్రులు, ఏనుగులు, శకటులు ఇద్దరికీ సమానం. బంట్లు నలుపుకు ఆరు, తెలుపుకు నాలుగు. రెండు బంట్లు ఎక్కువ ఉంచుకుని ఓడిపోవడమన్నమాట. ఎ8లోని నల్ల ఏనుగు, సి8లోని శకటు ఆట మొదలు చివరిదాకా ఉన్నచోటనుంచి కదలనే లేదు. సరదా ఆటే అయినా, ఫిషర్ 1969లో వెలువరించిన తన అరవై ఆటల పుస్తకంలో దీనికి చోటిచ్చాడు.

మరి తిని బతికేదెలాగ? దానికి దారి చూపినవాడు ఎమాన్యుయేల్ లాస్కర్. 1894 నుంచి 1921 దాకా, ఇరవై ఏడేళ్ళు ప్రపంచ విజేతగా ఉన్నాడు. గణితంలో డాక్టరు. 1895లో లండనులో వరుసగా ఉపన్యాసాలిచ్చి, వాటినే పుస్తకంగా వేశాడు. ఎవాన్స్ బంటు గురించి ఆయన చూపిన మార్గం గృహస్థులు మెచ్చేటట్టు ఉంటుంది. బంటును తినండి. సి3 వస్తే శకటును ఎ5కు తీయండి. తెలుపు కోట కట్టుకుంటే మీరు మరొక బంటుకోసం చూడకుండా డి6 వేసి ఇల్లు గట్టి చేసుకోండి. తెలుపు డి4 వేస్తుంది. అప్పుడు శకటును బి6కు వెనక్కు తీయండి. అంతే. ఆయన పేరు నిలబెట్టిన ఎత్తు ఇదే. చూడడానికి ఎంత చప్పగా ఉంది!

తెలుపుకు తన బంటు కావాలంటే ఇప్పుడు తీసుకోవచ్చు. డి-బంటు ఇ5లో కొడుతుంది, నల్ల డి-బంటు తిరిగి కొడుతుంది. తెల్లమంత్రి డి8లోని నల్లమంత్రిని కొట్టి చెక్ చెబుతుంది, నల్లగుర్రం దాన్ని కొడుతుంది. తెల్లగుర్రం ఇ5లోని బంటును కొడుతుంది. నల్లశకటు ఇ6కు వచ్చి సి4 శకటుకు ఎదురు నిలుస్తుంది. బాకీ చెల్లయింది. చెరి ఆరు బంట్లు. మంత్రులు రెండూ బల్ల దిగాయి. దాడి చేద్దామని వచ్చినవాడికి దాడి చేయడానికి మనుషులే లేరు. పైగా తెలుపు బంట్లలో ఎ2లోదీ సి3లోదీ చెట్టుకొకటి పుట్టకొకటిగా మిగిలిపోయాయి, ఒకదానికొకటి సాయం రాలేవు. నలుపు బంట్లు ఇటు మూడు, అటు మూడు, చక్కగా చేతులు పట్టుకుని ఉన్నాయి. ఆట చివరిదాకా సాగితే ఎవరికి సుఖమో చెప్పనక్కరలేదు. బంటు తిరిగి తీసుకోను, దాడే చేస్తానంటాడా, చేయనివ్వండి. మన ఇల్లు గట్టిగా ఉంది, అతని బంటు మన జేబులో ఉంది.

ఈ మార్గం తెలిసిన తర్వాత పెద్ద పోటీలలో కెప్టెను గారి ఎత్తుకు గిరాకీ పడిపోయింది. పదునైన కత్తితో వచ్చినవాడికి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టినట్టయింది మరి. నా మటుకు నాకు ఇందులో కొంచెం విచారం కూడా ఉంది. వెనుకటి ఆటల వేడి మళ్ళీ రాదు కదా!

రాదనుకున్నది 1995లో ఒకసారి వచ్చింది. లాట్వియా రాజధాని రీగాలో, తాల్ స్మారకార్థం జరిగిన పోటీలో, గారీ కాస్పరోవ్ మన మద్రాసు విశ్వనాథన్ ఆనంద్ మీద ఎవాన్స్ గాంబిట్ వేశాడు. ఆ ఏడే వారిద్దరూ న్యూయార్కులో ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డారు. ఆనంద్ బంటు తిన్నాడు. సి3 వచ్చినప్పుడు శకటును ఎ5కు కాక ఇ7కు తీశాడు. అదీ మంచి ఎత్తే. కాస్పరోవ్ తన మంత్రిని డి4కు, హెచ్4కు, జి3కి తిప్పుతూ ఊపిరి తీసుకోనివ్వలేదు. పదిహేనో ఎత్తులో ఆనంద్ గుర్రం ఇ5లోని బంటును కూడా తిన్నది. ఇరవై ఐదో ఎత్తులో ఆట వదులుకున్నాడు. ఎన్ని బంట్లు ఎక్కువ ఉంచుకునో తెలుసా? అక్కడా రెండే! రాజు కోట కట్టుకోకుండా ఎఫ్7లో చిక్కుబడి ఉన్నాడు. ఆ ఓటమితో ఆనంద్ ఏమీ తగ్గిపోలేదు. 2000లో ప్రపంచ విజేత అయ్యాడు, 2007 నుంచి 2013 దాకా మళ్ళీ ఆ పీఠం మీద కూర్చున్నాడు.

తినకుండా ఉండడం తప్పా అంటే, కాదు. బి4 బంటును చూసి శకటును బి6కు తీసేవారు బోలెడుమంది. అది మర్యాదైన ఆటే. తెలుపు ఎ4 వేసి ఆ వైపు కాస్త చోటు సంపాదించుకుంటుంది, నలుపు తన పని తాను చూసుకుంటుంది. తెలిసి మానినవాణ్ణి నేనేమీ అనను. కాని మన అబ్బాయి మానేది తెలిసి కాదు, భయపడి. అతనికి బి6 మంచి గడి కాదు, దాక్కునే చోటు. తేడా ఎదుటివాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఈ పిల్లవాడు ఏదీ ముట్టడని తెలిస్తే, వాడు ప్రతి ఎత్తుకూ ఒక పావును నోటిముందు పెట్టి, దారి ఇవ్వు, దారి ఇవ్వు అని తోసుకుంటూ వస్తాడు. ఉత్తరంలో మీరు వ్రాసిన "నిదానంగా ఓడిపోవడం" అదేనమ్మా.

అబ్బాయికి ఇంకొక సంగతి కూడా చదివి వినిపించండి. ఫైన్‌ను అలా ఓడించిన ఫిషరే, అంతకు మూడేళ్ళ ముందు, 1960లో అర్జెంటీనాలోని మార్ దెల్ ప్లాతా పోటీలో ఇలాంటి ఎర మింగి ఓడిపోయాడు. అప్పుడతనికి పదిహేడేళ్ళు. ఎదుట ఉన్నవాడు రష్యా ఆటగాడు స్పాస్కీ. ఎర ఎవాన్స్ బంటు కాదు, రెండో ఎత్తులోనే ఎఫ్4లో పెట్టే రాజుగారి గాంబిట్ బంటు. ఫిషర్ ఇంటికి వెళ్ళి ఏం చేశాడు? ఇక ఎవరి బంటూ ముట్టనని ఒట్టు పెట్టుకోలేదు. ఆ ఆరంభాన్ని తిరగవేసి మరగవేసి చూసి, 1961లో పెద్ద వ్యాసం వ్రాశాడు. రాజుగారి గాంబిట్‌కు కాలం చెల్లిందని అందులో తీర్పు చెప్పాడు. ఆ తీర్పుకు ఆధారం ఏమిటంటే, మొదట ఆ బంటును తినండి, తిన్న తర్వాత బంటును డి6కు జరిపి ఇల్లు చక్కబెట్టుకోండి, అని! ఓడిపోయిన చోటికే తిరిగి వెళ్ళి అదే బంటును మళ్ళీ తిన్నాడు, ఈసారి తర్వాతి ఎత్తు తెలుసుకుని. (తమాషా ఏమిటంటే, తర్వాత్తర్వాత తెల్లపావులు పట్టినప్పుడు అతనే రాజుగారి గాంబిట్ ఆడి గెలిచాడు కూడా. పెద్దల తీర్పులు అలాగే ఉంటాయి.)

పోటీకి ఇంకా నెల ఉందన్నారు గనుక ఒక పని చేయించండి. సాయంత్రం పూట తాతగారిని తెల్లపావులు పట్టమనండి, అబ్బాయిని నల్లపావులు. ప్రతిరోజూ నాలుగో ఎత్తుకు తాతగారు బి4 వేయాలి, మనవడు తినాలి. తిన్న తర్వాత ప్రతి ఎత్తుకూ ముందు, "ఇప్పుడు నా రాజెక్కడ? ఇంకా ఇంట్లోనే ఉన్న పావులెన్ని?" అని పైకి చెప్పి మరీ వేయాలి. రెండో బంటు దొరికినా, రాజు కోట చేరేదాకా దానికేసి చూడకూడదు. మొదటి వారం తాతగారే గెలవవచ్చు. వారికీ కాలక్షేపం, ఆ మాట అన్నందుకు ఆ మాత్రం పని వారికి పడాలి కూడా. వారు నాటు పద్ధతికి అలవాటుపడి బంటును రెండు గడులు తోయనంటే, మీరే ఆ ఎత్తు వేసి పెట్టండి. గుర్రం నడక తెలిసినవారికి బంటు నడక ఎంతసేపు?

ఈ వారం ప్రశ్న: ఫైన్ వదులుకున్న ఆటనే పేర్చుకోండి. తెలుపు: రాజు జి1, మంత్రి జి3, ఏనుగులు ఎ1, ఇ1, శకటులు సి4, జి7, బంట్లు ఎ2, డి5, ఎఫ్2, జి2. నలుపు: రాజు డి8, మంత్రి హెచ్4, ఏనుగులు ఎ8, జి8, శకటులు ఎ5, సి8, బంట్లు ఎ7, బి7, సి7, డి7, ఎఫ్7, హెచ్7. ఎత్తు నలుపుది. ఏనుగుతో జి7 శకటును కొడితే తెల్లమంత్రి హెచ్4లోని మంత్రిని చెక్‌తో కొట్టేస్తుంది, అది సులభంగానే కనిపిస్తుంది. అలా కాక నల్లమంత్రి జి3లోని తెల్లమంత్రినే కొడితే? తెలుపు ఒక్క ఎత్తులో ఆట కట్టించాలి. ఆ ఎత్తేమిటో వ్రాసి పంపండి. జవాబు వచ్చే వారం.